మందు పడనప్పుడు ఎంచుకోవలసిన దారి: ఆపడమా, మార్చడమా, పరీక్షతో తేల్చుకోవడమా

ఒక మందు వేసుకున్నాక ఒంటి నిండా దద్దుర్లు లేచినా, కడుపులో వికారం పుట్టినా, తల తిరిగినా చాలామంది ఒకే నిర్ణయానికి వస్తారు: ఆ మందు తమకు పడదు, ఇక ఎన్నడూ దాని జోలికి పోకూడదు. కొందరి విషయంలో ఆ నిర్ణయం ప్రాణం నిలుపుతుంది. ఎక్కువమంది విషయంలో మాత్రం అది బాగా పనిచేసే మందును అకారణంగా దూరం చేసి, దాని స్థానంలో అంతగా పనిచేయనిదాన్నో, మరింత హాని చేసేదాన్నో తెచ్చిపెడుతుంది. నిజానికి అలాంటి అనుభవం ఎదురైన మనిషి ముందు ఒకటి కాదు, అయిదు దారులు ఉంటాయి: అదే మందును జాగ్రత్తలతో కొనసాగించడం, దానితో ఏ సంబంధమూ లేని మందుకు మారడం, అదే కుటుంబంలోని మరో మందును ఎంచుకోవడం, అలర్జీ ఉందో లేదో పరీక్షతో తేల్చుకోవడం, అలర్జీ ఉన్నా ఆ మందు తప్పనిసరైనప్పుడు శరీరాన్ని దానికి తాత్కాలికంగా అలవాటు చేయడం. వీటిలో ఏది తగినదో మందు పేరును బట్టి మాత్రమే చెప్పలేము. సరిగ్గా ఏం జరిగింది, మందు వేసుకున్న ఎంతసేపటికి జరిగింది, అది జరిగి ఎన్నేళ్లయింది అన్న మూడు ప్రశ్నలకు జవాబులు దొరికితే ఎంపిక చాలావరకు తేలిపోతుంది.

అలర్జీయా, దుష్ఫలితమా

రోగనిరోధక వ్యవస్థ ఒక మందును శత్రువుగా గుర్తుపెట్టుకుని దాని మీద తిరగబడితే అది అలర్జీ. మెట్రోనిడజోల్ వేసుకున్నప్పుడు కలిగే వికారం, నోట్లో లోహపు రుచి, అమాక్సిసిలిన్ వాడినప్పుడు పట్టుకునే విరేచనాలు అలర్జీ కావు, ఆ మందుల స్వభావంలోనే ఉన్న దుష్ఫలితాలు. ఇలాంటప్పుడు మొదటి దారే మేలు: మోతాదు, వేసుకునే వేళ, ఆహారంతో కలిపి వేసుకోవడం వంటి విషయాలను వైద్యుడితో మాట్లాడి సర్దుకుంటే చాలు.

ఈ రెండింటికీ నడుమ, చూడటానికి అచ్చంగా అలర్జీలా కనిపించే మరో వర్గం ఉంది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను సెలైన్‌లో వేగంగా ఎక్కిస్తే ముఖం, మెడ, ఛాతీ ఎర్రబడి దురద పుడుతుంది. మందు నేరుగా చర్మంలోని మాస్ట్ కణాలను కదిలించి, దురద పుట్టించే హిస్టమిన్ అనే పదార్థాన్ని విడుదల చేయించడమే అందుకు కారణం కనుక, ఎక్కించే వేగాన్ని తగ్గిస్తే అదే మందును చాలామంది భరించగలుగుతారు. మార్ఫిన్‌తో వచ్చే దురద కూడా ఎక్కువగా ఈ కోవలోదే.

రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మందుల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. వీటితో వచ్చే పొడిదగ్గు అలర్జీ కాదు, లోసార్టాన్ లేదా టెల్మిసార్టాన్ వర్గానికి మారితే తగ్గిపోతుంది. అదే మందుతో పెదవులు, నాలుక, ముఖం ఉబ్బితే అది బ్రాడీకైనిన్ అనే పదార్థం పేరుకుపోవడం వల్ల వచ్చే వాపు. మందు మొదలుపెట్టిన నెలలకు, ఏళ్లకు కూడా అది రావచ్చు. అలర్జీకి ఇచ్చే మందులకు అంతగా లొంగదు, ఊపిరి దారిని మూసివేయగలదు. అలాంటివారు ఆ ఒక్క మాత్రనే కాక, ఎనలాప్రిల్, రామిప్రిల్‌ల వర్గం మొత్తాన్ని శాశ్వతంగా వదిలిపెట్టాలి.

గడియారం చెప్పేది

మందు వేసుకున్న నిమిషాల్లో, సాధారణంగా గంటలోపు, అరుదుగా ఆరు గంటలలోపు మొదలయ్యే దద్దుర్లు, ముఖం వాపు, పిల్లికూతలు, ఆయాసం, స్పృహ తప్పడం తక్షణ ప్రతిచర్య కిందికి వస్తాయి. వీటికి మూలం చాలావరకు ఐజీఈ అనే ప్రతిరక్షకాలు. రోజుల తరువాత వచ్చేవి వేరు, వాటిని నడిపేవి రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు. మొదటిసారి వాడుతున్నప్పుడు వారం, పది రోజులకు ఒంటి మీద ఎర్రని చిన్న మచ్చలు పరుచుకోవడం ఈ రెండో రకంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది.

తక్షణ రకపు దద్దురును గుర్తించడానికి ఒక తేలిక మార్గం ఉంది. చర్మం మీద ఉబ్బిన ఒక మచ్చ చుట్టూ పెన్నుతో గీత గీసి, మర్నాడు అదే వేళకు చూడాలి. దద్దురైతే గీత లోపలి చర్మం మామూలుగా మారిపోయి ఉబ్బు మరోచోట లేచి ఉంటుంది. ఎందుకంటే ఒక్కొక్క దద్దురు సాధారణంగా ఒక రోజుకు మించి అదే చోట నిలవదు. ఆలస్యంగా వచ్చే మచ్చలు మాత్రం గీత లోపలే రోజుల తరబడి ఉండి, రంగు మారుతూ, కొన్నిసార్లు పొట్టు రాలుస్తూ తగ్గుతాయి. ఫోన్‌తో తీసిన ఒక ఫొటో, మందు వేసుకున్న సమయం, మచ్చలు కనిపించిన సమయం రాసిపెట్టుకుంటే ఏళ్ల తరువాత కూడా వైద్యుడికి అవి ఎంతో పనికొస్తాయి. అది లేకనే చాలామంది వివరాలు పూర్తిగా చెరిగిపోయి, ‘పడదు’ అన్న ముద్ర ఒక్కటే మిగులుతుంది.

ఆలస్యంగా వచ్చిన మచ్చలు తేలికపాటివై, జ్వరం, పుండ్లు లేకుండా ఉండి, ఆ మందు చాలా అవసరమైతే, వైద్యుడి పర్యవేక్షణలో దురద మందులు వాడుతూ కోర్సు పూర్తి చేయడం కూడా ఒప్పుకోదగిన ఎంపికే. కానీ చర్మం ముట్టుకుంటే నొప్పి పుట్టడం, బొబ్బలు లేవడం, నోట్లోనో కళ్లలోనో జననాంగాల దగ్గరో పుండ్లు, ఎక్కువ జ్వరం, ముఖం ఉబ్బడం, మెడలో బిళ్లలు కట్టడం, కామెర్లు కనిపిస్తే ఎంపికలను బేరీజు వేసుకునే సమయం కాదు. స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్, దాని తీవ్రరూపమైన టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్, లోపలి అవయవాలను దెబ్బతీసే డ్రెస్ అనే ప్రతిచర్య ఇలాగే మొదలవుతాయి. మొదటి రెండూ ఎక్కువగా మందు మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల మధ్య వస్తాయి, డ్రెస్ రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య వస్తుంది. మూర్ఛకు వాడే కార్బమజిపైన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్, గౌట్‌కు వాడే అల్లోప్యూరినాల్, సల్ఫా యాంటీబయాటిక్ అయిన కోట్రైమాక్సజోల్ వీటికి తరచుగా కారణమయ్యే మందులు. వెంటనే ఆ మందు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ఆ తరువాత దాన్ని మళ్లీ కొంచెం వేసి చూడటం, అలవాటు చేయడం వంటి ప్రయత్నాలు ఏవీ చేయకూడదు. కొన్ని మందుల విషయంలో ప్రమాదాన్ని ముందే పసిగట్టే జన్యు పరీక్షలు ఉన్నాయి: హెచ్ఐవీకి వాడే అబాకవిర్ ఇచ్చే ముందు హెచ్ఎల్ఏ-బి 57:01, కార్బమజిపైన్‌కు ముందు హెచ్ఎల్ఏ-బి 15:02 చూస్తారు. ఈ రెండోది ఆసియా ప్రజల్లో ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఆ మూలాలున్నవారు దాని గురించి అడగడం మంచిది.

అత్యవసర క్షణంలో ఏ మందు

ఇక్కడ జరిగే పొరపాటు ప్రాణాంతకం కాబట్టి కాస్త గట్టిగానే చెప్పాలి. ఊపిరి ఆడకపోవడం, గొంతు బిగుసుకుపోవడం, బీపీ పడిపోవడం, దద్దుర్లతో పాటు వాంతులు లేదా కళ్లు తిరగడం కనిపిస్తే అది అనఫిలాక్సిస్ అనే ప్రాణాంతక ప్రతిచర్య. అప్పుడు అడ్రినలిన్, యాంటీహిస్టమిన్, స్టెరాయిడ్ అనే మూడింటిలో మొదటి స్థానం అడ్రినలిన్‌దే, దానికి ప్రత్యామ్నాయం లేదు. ముడుచుకుపోయిన శ్వాసనాళాలను తెరిచేదీ, వదులైపోయిన రక్తనాళాలను బిగించి బీపీని నిలబెట్టేదీ, గొంతు వాపును తగ్గించేదీ అదొక్కటే. యాంటీహిస్టమిన్ దురదను, దద్దుర్లను తగ్గిస్తుంది తప్ప మూసుకుపోతున్న గొంతును తెరవదు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది. ఒక చిన్న మాత్ర మింగించి ఎదురుచూసిన నిమిషాలే చాలా సందర్భాల్లో చేజారిన నిమిషాలవుతాయి.

మోతాదు బరువును బట్టి కిలోకు 0.01 మిల్లీగ్రాము, పెద్దలకు గరిష్ఠంగా 0.5 మిల్లీగ్రాము. తొడ వెలుపలి వైపు మధ్యభాగంలో కండరంలోకి ఇస్తారు. గుణం కనిపించకపోతే 5 నుంచి 15 నిమిషాలకు మళ్లీ ఇవ్వవచ్చు. రోగిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోబెట్టవచ్చు, గర్భిణి అయితే ఎడమ పక్కకు తిప్పాలి. కాస్త తేరుకోగానే లేచి నడవనివ్వకూడదు, ఎందుకంటే ఒక్కసారిగా నిలబడితే రక్తప్రసరణ కుప్పకూలే ప్రమాదం ఉంది. కోలుకున్నాక కూడా కొన్ని గంటలకు ప్రతిచర్య తిరిగి రావచ్చు కనుక ఆసుపత్రిలో గమనింపు అవసరం.

తొడ మీద నొక్కితే మందు దిగే ఆటో-ఇంజెక్టర్‌ను ఎప్పుడూ వెంట ఉంచుకోవాలా అని చాలామంది అడుగుతారు. తేనెటీగ కుట్టడం లాంటివి చెప్పి రావు కాబట్టి వాటి అలర్జీ ఉన్నవారికి అది అవసరం. మందు అలర్జీలో కారణమేమిటో తెలిసి, దాన్ని తప్పించగలిగితే సాధారణంగా అవసరం ఉండదు. ప్రతిచోటా చూపగలిగేలా రాతపూర్వక వివరం దగ్గర ఉండటమే అంతకంటే ఉపయోగం.

ప్రతిచర్య కేవలం దద్దుర్లకే పరిమితమైతే యాంటీహిస్టమిన్ సరిపోతుంది. అందులోనూ సెటిరిజిన్, లోరటడిన్ వంటి కొత్త తరం మందులే మేలు. క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాతవాటి మత్తు వల్ల రోగి నిద్రపోతున్నాడో, స్పృహ కోల్పోతున్నాడో తెలియకుండా పోతుంది.

పెన్సిలిన్ పడదన్న ముద్ర

ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. కొన్ని దేశాల్లో దాదాపు పది మందిలో ఒకరు తమకు పెన్సిలిన్ పడదని చెబుతారు. సరిగా పరీక్షించినప్పుడు వారిలో 90 శాతానికి పైగా ఆ మందును ఏ ఇబ్బందీ లేకుండా వాడగలరని తేలుతోంది. చిన్నప్పుడు వైరల్ జ్వరంతో వచ్చిన మచ్చలను మందు మీద వేసి ఉండవచ్చు. ఇన్‌ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ అనే వైరస్ జబ్బులో పెన్సిలిన్ కుటుంబపు ఆంపిసిలిన్ వేస్తే మచ్చలు రావడం దీనికి పేరుపొందిన ఉదాహరణ. నిజమైన అలర్జీ అయినా కాలంతో కరిగిపోతుంది: పదేళ్లపాటు పెన్సిలిన్ జోలికి పోని ఐజీఈ అలర్జీ రోగుల్లో సుమారు 80 శాతం మంది దాన్ని కోల్పోతారు.

ముద్రను అలాగే ఉంచేయడం సురక్షితమైన ఎంపికలా కనిపిస్తుంది, కానీ అది ఉచితంగా రాదు. పెన్సిలిన్ బదులు విస్తృతంగా పనిచేసే యాంటీబయాటిక్‌లు వాడవలసి రావడంతో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి తెచ్చే విరేచనాలు, మందులకు లొంగని క్రిములు, శస్త్రచికిత్స గాయాల్లో ఇన్‌ఫెక్షన్లు పెరుగుతాయి. గర్భిణికి సిఫిలిస్ ఉంటే పెన్సిలిన్‌కు సరితూగే మందే లేదు.

ముద్రను తీసేయవచ్చో లేదో అంచనా వేయడానికి వైద్యులు 2020లో వచ్చిన పెన్-ఫాస్ట్ అనే లెక్కను వాడుతున్నారు. ప్రతిచర్య గత అయిదేళ్లలో జరిగితే 2, అది అనఫిలాక్సిస్, ముఖం వాపు లేదా తీవ్ర చర్మవ్యాధి అయితే 2, దానికి చికిత్స అవసరమైతే 1. మొత్తం 3 కంటే తక్కువైతే నిజమైన అలర్జీ ఉండే అవకాశం 5 శాతం లోపే. అలాంటివారికి, తీవ్ర చర్మవ్యాధి వచ్చినవారికి తప్ప, చర్మ పరీక్ష కూడా లేకుండా, వైద్యుడి ఎదుట నేరుగా పెన్సిలిన్ కుటుంబపు అమాక్సిసిలిన్ ఇచ్చి గమనించే పద్ధతి ఇప్పుడు ఆమోదం పొందింది. ఇది ఇంట్లో ఒక మాత్ర వేసుకుని చూసే ప్రయోగం కాదని మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. అడ్రినలిన్, శిక్షణ పొందిన మనుషులు అందుబాటులో ఉన్న చోటే అది చేయాలి.

పరీక్ష వరకు ఆగలేని పరిస్థితిలో అదే కుటుంబపు బంధువైన సెఫలోస్పోరిన్ వాడవచ్చా? ఈ ప్రశ్నకు పాత జవాబు పది శాతం మందికి పడదని. తొలినాటి సెఫలోస్పోరిన్‌లలో పెన్సిలిన్ ఆనవాళ్లు కలిసి ఉండటం ఆ అంకె పెరగడానికి ఒక కారణం. ఇప్పటి అంచనా సుమారు 2 శాతం. పైగా ప్రమాదం ఉండేది రెండు మందుల పక్కగొలుసు, అంటే అణువుకు పక్కన వేలాడే భాగం, ఒకేలా ఉన్నప్పుడు. ఆంపిసిలిన్ పడనివారికి సెఫలెక్సిన్, అమాక్సిసిలిన్ పడనివారికి సెఫడ్రాక్సిల్ తగవు. ఎవరితోనూ పోలిక లేని పక్కగొలుసున్న సెఫజోలిన్ చాలామందికి సరిపోతుంది. వీటికి మరో బంధువులైన కార్బపెనమ్ యాంటీబయాటిక్‌లతో ప్రమాదం 1 శాతం లోపే.

పరీక్షల్లో ఏది దేనికి

సూదితో పొడిచి చేసే చర్మ పరీక్ష తక్షణ అలర్జీలకే పనికొస్తుంది. ముంజేతి మీద పలుచన చేసిన మందు బొట్టు వేసి, దాని గుండా సన్నని సూదితో పైపొరను తాకీ తాకనట్టు పొడుస్తారు. పక్కనే హిస్టమిన్ బొట్టు ఒకటి, ఉప్పునీటి బొట్టు ఒకటి పెడతారు. 15 నుంచి 20 నిమిషాలకు మందు పెట్టిన చోట ఉబ్బు ఉప్పునీటి చోటికంటే కనీసం 3 మిల్లీమీటర్లు పెద్దదైతే పాజిటివ్. హిస్టమిన్ పెట్టిన చోట కూడా ఉబ్బు రాకపోతే, రోగి దురద మాత్ర ఏదో వేసుకుని వచ్చాడని అనుమానించి పరీక్షను వాయిదా వేస్తారు. అందుకే దాదాపు వారం ముందు నుంచే యాంటీహిస్టమిన్‌లు మానుకోమంటారు. ప్రతిచర్య జరిగిన వెంటనే కాక, నాలుగు నుంచి ఆరు వారాల తరువాత చేయించుకుంటే ఫలితం నమ్మదగినది.

రక్తంలో ఐజీఈ పరీక్ష సూది పొడుపులు లేనిదే అయినా, చాలా మందులకు అసలు లభించదు. లభించే కొద్ది మందులకు కూడా నెగటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ లేదని చెప్పలేము. ఆలస్యపు ప్రతిచర్యలకు వీపు మీద అంటించి 48 గంటలకు, ఆ తరువాత మరోసారి చూసే ప్యాచ్ పరీక్ష కొంత ఉపయోగం. వీటన్నిటికంటే చివరి మాట మందును కొద్దికొద్దిగా పెంచి నోటి ద్వారా ఇచ్చి చూసే ఛాలెంజ్ పరీక్షదే. ఎంచుకునే వీలుంటే నేను దానివైపే మొగ్గుతాను, తీవ్ర చర్మవ్యాధులు వచ్చినవారి విషయంలో తప్ప.

ఇంజెక్షన్‌కు ముందు ప్రతి ఒక్కరికీ చర్మంలోకి కాస్త మందు వేసి చూసే ‘టెస్ట్ డోస్’ మీద పెట్టుకునే నమ్మకానికి మాత్రం ఆధారం లేదు. గతంలో ఏ ప్రతిచర్యా లేనివారిలో అది ప్రమాదాన్ని ముందే పట్టించదు. పలుచన చేయని మందు చర్మాన్ని మండించి, లేని అలర్జీని ఉన్నట్టు చూపించవచ్చు.

నొప్పి మాత్రలు, మరికొన్ని

ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివాటిలో ఒకటే పడకపోతుందా, అన్నీ పడవా అన్నదే అసలు ప్రశ్న. రసాయనికంగా పొంతన లేని రెండు మూడు మందులకు కూడా దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే, అది కాక్స్-1 అనే ఎంజైమును అణచడం వల్ల వచ్చే ప్రతిచర్య కనుక ఆ వర్గమంతా ప్రమాదమే. ఆస్తమా, ముక్కులో పాలిప్‌లు (మెత్తని కండ పెరుగుదలలు) ఉన్నవారిలో ఇది తీవ్రంగా ఉంటుంది. వీరికి మామూలు మోతాదు పారాసిటమాల్ సాధారణంగా సరిపోతుంది, 1000 మిల్లీగ్రాములకు చేరితే కొందరికి ఇబ్బంది కలగవచ్చు. సెలికాక్సిబ్ అనే నొప్పి మాత్ర చాలామందికి పడుతుంది, అయినా మొదటి మోతాదు వైద్యుడి ఎదుట వేసుకోవడం మేలు. ఒక్క మందుకే ప్రతిచర్య వచ్చి, మిగిలినవి ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నవారు ఆ ఒక్కదాన్నీ, దాని రసాయన బంధువులనూ మానుకుంటే చాలు.

సల్ఫా యాంటీబయాటిక్ పడనివారు ఒంట్లో నీరు తగ్గించే ఫ్యూరోసిమైడ్ వంటి, యాంటీబయాటిక్‌లు కాని సల్ఫా మందులకు భయపడవలసిన అవసరం దాదాపు లేదు, సల్ఫేట్‌లతోనూ సల్ఫైట్‌లతోనూ దానికి సంబంధమే లేదు. రొయ్యలు పడనివారికి స్కానింగ్‌లో వాడే అయోడిన్ కాంట్రాస్ట్ పడదన్నది కూడా అపోహే, ఎందుకంటే రొయ్యల్లో అలర్జీ పుట్టించేది ప్రధానంగా ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్, అయోడిన్ కాదు.

తప్పనిసరైనప్పుడు

అలర్జీ ఉన్నట్టు నిర్ధారణ అయి, ఆ మందు లేనిదే చికిత్స సాగనప్పుడు డీసెన్సిటైజేషన్ మిగులుతుంది. ఆసుపత్రిలో అతి సూక్ష్మ మోతాదుతో మొదలుపెట్టి, నిర్ణీత వ్యవధిలో పెంచుతూ, గంటల్లోనే పూర్తి మోతాదుకు చేరుస్తారు. కీమోథెరపీలో, సిఫిలిస్ ఉన్న గర్భిణులకు పెన్సిలిన్ ఇవ్వడంలో దీన్ని వాడతారు. దీన్ని ఎంచుకునేవారు ముందే తెలుసుకోవలసినది ఒకటుంది: ఇది అలర్జీని నయం చేయదు. మందు రోజూ అందుతున్నంత కాలమే శరీరం సహిస్తుంది. కొద్ది రోజులు ఆపితే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సిందే. సమానంగా పనిచేసే మరో మందు దొరికితే ఈ శ్రమకు పూనుకోనవసరం లేదు.

ఏ దారి ఎంచుకున్నా వైద్య రికార్డులో రాయించుకోవలసిన మాటలు ఇలా ఉండాలి: మందు అసలు పేరు, బ్రాండ్ పేరు, ఎందుకు వాడారు, ఎన్నో మోతాదుకు ఎంతసేపటికి ఏం కనిపించింది, ఏ చికిత్స చేశారు, ఏ సంవత్సరం, ఆ తరువాత అదే కుటుంబంలోని ఏ మందులు ఇబ్బంది లేకుండా వాడారు. పరీక్షలో అలర్జీ లేదని తేలితే పాత ముద్రను కొట్టివేయించి, తేదీతో సహా ఆ ఫలితాన్ని రాయించుకుని, కుటుంబ వైద్యుడికీ, మందులు ఇచ్చే ఫార్మసిస్టుకూ తెలియజేయాలి, లేదంటే ఏదో ఒక ఫైలులోంచి ఆ పాత ముద్ర మళ్లీ పైకి వస్తుంది.